‘కళ్లు ఎలా ఉన్నాయి?’ అని అడగని సూది: వైద్య సహాయ సంస్థలకు, వైద్య ఆచార్యులకు బహిరంగ లేఖ

పేద దేశాల్లో వైద్య శిబిరాలు నడిపే అంతర్జాతీయ సహాయ సంస్థల బాధ్యులకు,
మన వైద్య, నర్సింగ్ కళాశాలల్లో కమ్యూనిటీ మెడిసిన్ బోధించే ఆచార్యులకు,
ఆ సంస్థల తరఫున ఆఫ్రికాలోనూ మన ఏజెన్సీ ప్రాంతాల్లోనూ పనిచేస్తున్న తెలుగు వైద్యులకు, నర్సులకు, ల్యాబ్ టెక్నీషియన్లకు

నమస్కారం.

మీ పని ఎంత కష్టమో తెలిసినవాళ్లమే కాబట్టి పొగడ్తలతో పొద్దుపుచ్చం. వలస పాలనలో సాగిన వైద్య సహాయ చరిత్రను పాఠాల్లో చేర్చాలనీ, ప్రతి శిబిరంలో మందు వికటించినవాళ్ల రిజిస్టరు పెట్టాలనీ ఇంతకుముందు రెండు వినతులు పంపాం. ఒకదానికి అందినట్టు రసీదు వచ్చింది. రెండోదానికి అదీ లేదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాం.

మేం అడుగుతున్నది పెద్ద విషయమేమీ కాదు. శిబిరం ఎత్తేసే రోజున మీ చేతిలో ఒక రిజిస్టరు ఉంటుంది. ఎంతమందిని చూశాం, ఎన్ని డోసులు వేశాం, ఎంత మందు ఖర్చయింది అన్నీ అందులో ఉంటాయి. దాని పక్కన రెండో రిజిస్టరు కావాలంటున్నాం. ఎవరికి వికటించింది, ఎన్నో రోజున, ఎలా, ఆ తర్వాత ఆ మనిషి ఏమయ్యాడు అన్నది అందులో ఉండాలి. మొదటిది డబ్బిచ్చినవాళ్లకు చూపించేది. రెండోది రోగిది. వలస ప్రభుత్వాలు మొదటి రిజిస్టరును అంకె తప్పకుండా రాశాయి. రెండోదాన్ని గొడవ ముదిరి తప్పని పరిస్థితి వస్తే తప్ప తెరవలేదు. జెండాలు దిగిపోయినా ఆ అలవాటు దిగలేదన్నదే మా ఫిర్యాదు.

ఉదాహరణగా మధ్య ఆఫ్రికాలో, ముఖ్యంగా ఫ్రెంచి పాలనలోని కామెరూన్‌లో, అతినిద్ర వ్యాధి మీద జరిగిన దండయాత్రను తీసుకుంటున్నాం. దండయాత్ర అన్న మాట కోపంతో వాడింది కాదు. నడిపినవాళ్లు సైనిక వైద్యులు, నడిపిన తీరూ సైన్యానిదే. మరో సంగతి ముందే ఒప్పుకుందాం. మందు పడకపోతే ఈ జబ్బులో దాదాపు అందరూ చనిపోతారు. ఆ వైద్యుల సూదులు ఎందరినో బతికించాయి. ఆ మాటను కాదనడానికి ఈ ఉత్తరం రాయడం లేదు.

జరిగిన సంగతులు

1. జబ్బు ముదిరిన దారి, మందు వచ్చిన దారి ఒకటే. ట్సెట్సీ ఈగ కుట్టినప్పుడు ట్రిపనోసోమా అనే ఏకకణజీవి ఒంట్లోకి వస్తుంది. మొదట రక్తంలో తిరుగుతుంది, మెడ వెనక బిళ్లలు కడతాయి. నెలలకో ఏళ్లకో మెదడుకు పాకుతుంది. పగలు నిద్ర, రాత్రి జాగారం, మతి తప్పడం, ఆఖరుకు చావు. మధ్య ఆఫ్రికాకు ఇది కొత్త జబ్బు కాదు. ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టేంతగా ముదిరింది మాత్రం యూరప్ రాజ్యాలు ఆ నేలను పంచుకున్నాకనే. రబ్బరు కోసం జనాన్ని అడవుల్లోకి తోలారు. బరువులు మోయించుకుంటూ ఈగలుండే నదీ రేవుల మీదుగా నడిపించారు. 1921 నుంచి 1934 వరకు వేసిన కాంగో-ఓషన్ రైలు మార్గం పదిహేను వేల మందికి పైగా కూలీలను పొట్టన పెట్టుకుందని అంచనాలు. తిండి లేని ఒళ్లు, చోటు మారే కూలీ, ఈగ. ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో ఎపిడెమియాలజీ మొదటి ఏడాది విద్యార్థి చెబుతాడు. పన్ను కట్టేవాళ్లు, పనిచేసేవాళ్లు తగ్గిపోతున్నారన్న భయం పట్టుకున్నాకే డబ్బు కదిలింది, మందు కదిలింది. నిప్పంటించిన చేతే నీళ్లూ చల్లింది. ఫోటో మాత్రం నీళ్లు చల్లేటప్పుడు తీసుకున్నారు.

2. దయ పేరుతో పాలన. 1876లో బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ ఆఫ్రికా కోసం సంఘం పెట్టినప్పుడు చెప్పిన కారణం బానిస వ్యాపారాన్ని అంతం చేయడం. ఆ ముసుగు కింద పుట్టిన కాంగోలో రబ్బరు కోసం చేతులు నరికిన సంగతి లోకానికి తెలిసిందే. ఫ్రెంచి సైనికాధికారి లియోతే మడగాస్కర్‌లో ఉండగా, నలుగురు వైద్యులను పంపితే నాలుగు సైనిక కంపెనీలను వెనక్కి పంపేస్తానని తన పై అధికారికి కబురు పెట్టాడని ప్రసిద్ధి. వైద్యుడు సిపాయికన్నా చవక, జనం తలుపు తీస్తారు. అంత ముక్కుసూటిగా చెప్పినందుకు ఆయన్ను మెచ్చుకోవాలి. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత జర్మనీ నుంచి తీసుకున్న కామెరూన్‌లో చాలాభాగాన్ని నానాజాతి సమితి ఫ్రాన్స్‌కు అప్పగించింది. ఏటా జెనీవాకు నివేదిక పంపాలి. అందులో ఘనంగా చూపించుకోగలిగిన అధ్యాయం వైద్యం. పరీక్షించినవాళ్లు ఎందరు, సూది పడినవాళ్లు ఎందరు అన్న పట్టికలకు అందుకే అంత గిరాకీ. 1939 నుంచి 1943 దాకా ఓ-న్యోంగ్ ప్రాంతంలో ఏకంగా పరిపాలననే వైద్యుల చేతికిచ్చి చూశారు. యుద్ధానికి రబ్బరు కావాల్సిన రోజులవి. స్టెతస్కోపు పట్టినవాళ్ల ఏలుబడిలో కూడా వెట్టి ఆగలేదు.

3. వరస. యూజెన్ జామో అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు 1917లో ఉబాంగీ-షారీలో (ఇప్పటి మధ్య ఆఫ్రికా రిపబ్లిక్) సంచార బృందాలు మొదలుపెట్టాడు. 1922లో కామెరూన్‌కు వచ్చాడు. 1926లో అయోస్ కేంద్రంగా శాశ్వత దళం ఏర్పడింది. పద్ధతి ఇలా సాగేది. అధికారి హుకుంతో ఊరి పెద్ద అందరినీ తెల్లవారకముందే మైదానంలో నిలబెడతాడు. మొదటి బల్ల దగ్గర పేరు, తలల లెక్క. రెండో చోట మెడ తడిమి చూడడం. బిళ్ల తగిలితే సిరంజి లేకుండా ఉత్త సూదితో గుచ్చి, వచ్చిన చుక్కను గాజుపలక మీద వేసి వెంటనే మైక్రోస్కోపు కింద పెట్టాలి. పరాన్నజీవి కదలిక కొన్ని నిమిషాలే కనిపిస్తుంది, ఆలస్యమైతే దొరకదు. బిళ్లలో దొరకకపోతే రక్తం. దొరికితే నడుములో సూది గుచ్చి వెన్నుద్రవం తీసి, తెల్లకణాలు లెక్కపెట్టి, జబ్బు మెదడుకు చేరిందో లేదో తేల్చాలి. ఆ తర్వాత తూకం, తూకాన్ని బట్టి డోసు, చివర్లో సూది.

ల్యాబ్ పని తెలిసినవాళ్లకు ఇది ముచ్చటైన ఏర్పాటే. ఎక్కడా చేయి ఖాళీగా ఉండదు. అయితే వరసలో ఏ బల్ల దగ్గరా రోగి నోరు విప్పే చోటు లేదు. రానని చెప్పే వీలు అసలే లేదు. స్థానిక ప్రజలను కోర్టు లేకుండానే శిక్షించే అధికారం ఫ్రెంచి అధికారులకు 1946 దాకా ఉండేది. వైద్యుడి పిలుపు వెనక ఆ కర్ర ఉంది. నడుములో సూది గుచ్చించుకుని తలనొప్పితో రెండు రోజులు లేవలేని మనిషికి అది వైద్యమో శిక్షో తేడా తెలియకపోతే తప్పెవరిది?

4. బాఫియా. ఈ ఉత్తరం పేరు ఇక్కడి నుంచే వచ్చింది. జబ్బు మెదడుకు చేరినవాళ్లకు అప్పట్లో ఇచ్చిన మందు ట్రిపార్సమైడ్. ఆర్సెనిక్ కలిసిన మందు, న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో తయారైంది. రోగుల మీద మొదట బెల్జియన్ కాంగోలో ప్రయత్నించారు. వారానికొక సూది చొప్పున వారాల తరబడి నరానికి ఎక్కించాలి. దీని దుర్గుణం అందరికీ ముందే తెలుసు, కంటినరాన్ని తింటుంది. అంతకుముందే 1906-07లో విక్టోరియా సరస్సులోని సెసె దీవుల్లో జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కోక్ అటాక్సిల్ అనే ఆర్సెనిక్ మందు వాడినప్పుడు 22 మందికి చూపు పోయింది. అంటే హెచ్చరిక ఇరవై ఏళ్ల కిందటే ఉంది.

చూపు ఒక్కసారిగా పోదు. ముందు కళ్ల ముందు మినుకులు, తర్వాత మసక. ఆ దశలో మందు ఆపేస్తే చాలామందికి చూపు నిలుస్తుంది. ఇంకో సూది పడితే పోయింది పోయినట్టే. కాబట్టి ప్రతి వారం సూదికి ముందు, రోగికి అర్థమయ్యే భాషలో, ఒక్క ప్రశ్న వేయాలి. కళ్లు ఎలా ఉన్నాయి? పది సెకన్ల పని. మైక్రోస్కోపు అక్కర్లేదు.

కామెరూన్‌లోని బాఫియా ప్రాంతంలో ఒక వైద్యుడు త్వరగా ఫలితం రావాలని డోసు పెంచేశాడు. 1930 అటూఇటుగా సుమారు 700 మందికి చూపు పోయింది. ఏడు వందలంటే ఒకరోజు ప్రమాదం కాదు. వారం వారం అదే వరసలోకి మసకబారిన కళ్లతో వచ్చి, చేయి చాపి, మళ్లీ సూది వేయించుకున్నవాళ్లు. గుడ్డివాడైన మనిషి తర్వాతి వారం ఇంకొకరి చేయి పట్టుకుని వచ్చి ఉంటాడు. అది చూసినవాళ్లు ఉండే ఉంటారు. రాయడానికి మాత్రం రెండో రిజిస్టరు లేదు. సంగతి బయటపడ్డాక 1931లో జామోను దాకార్ రేవులో ఓడ దింపేశారు. డోసు పెంచింది ఆయన కాదు, ఆ దళం ఆయనది. ఆయన పేరు మీద కామెరూన్ రాజధాని యావుందేలో ఇవాళ్టికీ ఆసుపత్రి ఉంది. ఆ ఏడు వందల మంది పేర్లు మన పాఠ్యపుస్తకాలేవీ చెప్పవు.

5. ఆరు సిరంజీలు. ఉబాంగీ-షారీలో 1917-19 మధ్య జామో బృందం 5,347 మందికి చికిత్స చేసింది. వాళ్ల దగ్గరున్న సిరంజీలు 6. నర్సులు ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూడండి. మనిషికీ మనిషికీ మధ్య సిరంజీని 20 నిమిషాలు మరిగించాలనుకుంటే, ఆరింటితో గంటకు మహా అయితే 18 సూదులు. మైదానంలో వందల మంది నిలబడి ఉంటే ఎవరు మరిగిస్తారు? సారాయితో కడిగి, దూది పెట్టి తుడిచి, తర్వాతి చేయి. ఆ రోజుల్లో వైరస్‌ల సంగతి తెలియదు, నిజమే. తెలియని తప్పుకు తిట్టం. అయితే దాని మిగులు ఇంకా ఉంది. దక్షిణ కామెరూన్‌లోని ఎబోలోవాలో అరవై దాటినవాళ్లను పరీక్షిస్తే సగం మందికి పైగా హెపటైటిస్ సి సోకిన ఆనవాళ్లు కనిపించాయి. వలస కాలంలో నరానికి ఎక్కించిన మందులతో దానికి సంబంధం ఉందని పరిశోధకులు తేల్చారు. కాలేయం పాడవడానికి రెండు మూడు దశాబ్దాలు పడుతుంది. సూది వేసిన ప్రభుత్వం వెళ్లిపోయింది, బిల్లు మనవలు కట్టారు.

6. లోమిడిన్. రెండో ప్రపంచయుద్ధం తర్వాత పెంటమిడిన్ అనే మందును లోమిడిన్ పేరుతో, జబ్బు ఉన్నవాళ్లకే కాక ఊరందరికీ ముందుజాగ్రత్తగా ఆరు నెలలకోసారి పిరుదుకు వేయడం మొదలుపెట్టారు. ఆఫ్రికా మొత్తం మీద కోటికి పైగా సూదులు పడ్డాయి. వేసిన కాసేపటికి రక్తపోటు పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి, రక్తంలో చక్కెర తగ్గుతుంది. అందుకే సూది పడ్డవాళ్లను నేలమీద వరసగా పడుకోబెట్టేవాళ్లు. ఒక్కో మనిషికి ఇది నిజంగా ఎంత రక్షణ ఇస్తుందో ఎప్పుడూ గట్టిగా తేలలేదు. యూరోపియన్లకు సిఫారసు చేయలేదు, వాళ్లకు ప్రమాదమే ఎక్కువని. ఒకే మందు, రెండు రకాల ఒళ్లు, రెండు రకాల లెక్క. దీనికి మించిన సాక్ష్యం మేం తేలేం.

1954 నవంబరులో తూర్పు కామెరూన్‌లోని యోకాదూమా దగ్గర ఈ సూదులు వేయించుకున్నవాళ్లలో కనీసం 28 మంది గ్యాస్ గాంగ్రీన్‌తో చనిపోయారు. వందల మందికి పిరుదులు కుళ్లాయి. కారణం మందు కాదు, దాన్ని కలిపిన నీళ్లు. మందు పొడిగా వచ్చేది, అక్కడికక్కడ నీళ్లలో కరిగించేవాళ్లు. గాంగ్రీన్ (కండ కుళ్లిపోయే జబ్బు) తెచ్చే క్లాస్ట్రిడియం అనే బాక్టీరియా మట్టిలో ఉంటుంది. దాని స్పోర్లు, అంటే గట్టి పెంకు కట్టుకున్న విత్తనాల్లాంటి రూపాలు, మరిగే నీళ్లలో చావవు. ఆటోక్లేవ్‌లో, అంటే ఒత్తిడి ఆవిరి పెట్టెలో, 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచాలి. కండలో లోతుగా, గాలి అందని చోట పడిన స్పోరుకు అంతకన్నా మంచి ఇల్లు దొరకదు. ఒక గిన్నెలో కలిపిన ద్రవం ఒక వరస మొత్తానికి వెళ్తుంది కాబట్టి ఒకరి తప్పు ఊరందరికీ పడుతుంది.

7. మన దగ్గర. ఇదంతా ఆఫ్రికా గొడవ అనుకునేవాళ్ల కోసం రెండు సంగతులు. 1902 అక్టోబరు 30న పంజాబ్‌లోని ముల్కోవాల్‌లో 107 మందికి ప్లేగు టీకా వేశారు. ఒక సీసా నుంచి వేయించుకున్న 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. సీసా మూత తీసేటప్పుడు నేలమీద పడ్డ పటకారును కార్బాలిక్ నీళ్లలో ఊరికే ముంచి వాడారని విచారణలో బయటపడింది. నింద మాత్రం ఏళ్ల తరబడి టీకా కనిపెట్టిన హాఫ్‌కిన్ మీద ఉంచారు. సికింద్రాబాద్‌లో దోమ గుట్టు విప్పిన రొనాల్డ్ రాస్ లాంటివాళ్లు పత్రికకెక్కి గట్టిగా రాశాక, 1907లో గానీ ఆయన మీద మచ్చ పోలేదు. శాస్త్రవేత్తకు న్యాయం చేయమని లండన్‌లో ఉత్తరాలు అచ్చయ్యాయి. ఆ 19 కుటుంబాల తరఫున ఎవరూ ఉత్తరం రాసినట్టు మేం చదవలేదు. ప్లేగు పేరు చెప్పి 1897లో తెచ్చిన అంటువ్యాధుల చట్టాన్నే 2020లో కోవిడ్‌కూ వాడారన్నది కూడా గుర్తుంచుకోవాలి.

రెండోది ఇంకా దగ్గరిది. 2009 జూలైలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో ఒక అమెరికన్ స్వచ్ఛంద సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి 10-14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా వేసే ప్రాజెక్టు నడిపాయి. టీకా మంచిదే, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి కాపాడుతుంది. ఆ కాలంలో జరిగిన మరణాలకు అదే కారణమని విచారణలో తేలలేదు. మా అభ్యంతరం టీకా మీద కాదు, సంతకం మీద. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు. వార్డెన్ పిల్లకు తల్లి కాదు. ఉద్యోగం పోతుందన్న భయం ఉన్నవాడు ‘వద్దు’ అని రాయలేడు. కామెరూన్ మైదానంలో ఊరి పెద్ద నిలబడ్డ చోటే ఇక్కడ వార్డెన్ నిలబడ్డాడు.

8. దీనివల్ల మామూలు జనానికి ఇవాళ జరుగుతున్న నష్టం. 1921-56 మధ్య ఫ్రెంచి మధ్య ఆఫ్రికాలో అతినిద్ర వ్యాధి బృందాలు ఏ ప్రాంతానికి ఎన్నిసార్లు వెళ్లాయో సైనిక రికార్డుల నుంచి తీసి, ఈనాటి ఆరోగ్య సర్వేలతో పోల్చిన అధ్యయనం ఒకటి 2021లో వచ్చింది. బృందాలు ఎక్కువ ఏళ్లు వెళ్లిన చోట్ల పిల్లలకు టీకాలు తక్కువ. సర్వేలో రక్తపరీక్షకు వేలు చాపడానికి ఒప్పుకునేవాళ్లూ తక్కువ. మనం దీన్ని ‘అవగాహన లేకపోవడం’ అని రాసి, పోస్టర్లు అంటిస్తాం. అది అవగాహన లేకపోవడం కాదు, జ్ఞాపకం ఉండడం. కొత్త గాయాలూ తోడవుతున్నాయి. బిన్ లాడెన్ ఆచూకీ కోసం పాకిస్తాన్‌లోని అబోటాబాద్‌లో అమెరికా గూఢచారి సంస్థ హెపటైటిస్ బి టీకాల పేరుతో గూఢచర్యం చేయించిందని 2011లో బయటపడ్డాక, ఆ దేశంలో పోలియో చుక్కలు వేసే ఆడపిల్లలను ఉగ్రవాదులు తుపాకులకు బలిచేశారు. ఇకపై గూఢచర్యానికి టీకా కార్యక్రమాలను వాడుకోబోమని అమెరికా 2014లో చెప్పింది. అప్పటికి జరగాల్సింది జరిగిపోయింది.

మీరు చెప్పబోయే జవాబు

‘అది వలస ప్రభుత్వం, మేం స్వచ్ఛంద సంస్థ’ అంటారు. నిజమే, మీ వెనక కర్ర లేదు. కానీ కలెక్టరు ఉత్తర్వుతో ఊరు పోగవుతుంది, టార్గెట్ ఉంటుంది, నివేదిక దూరాన ఉన్న నగరానికి వెళ్తుంది. ఏ మందు తయారవాలో కూడా అక్కడే నిర్ణయమవుతుంది. అతినిద్ర వ్యాధి ముదిరినవాళ్లను ఆర్సెనిక్ లేకుండా బతికించే ఎఫ్లోర్నిథిన్ తయారీని లాభం లేదని 1990ల్లో ఆపేశారు. అదే మందు ఆడవాళ్ల ముఖం మీది వెంట్రుకలు తగ్గించే క్రీముగా అమెరికా మార్కెట్లోకి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, సహాయ సంస్థలు పట్టుబట్టాక 2001లో ఆఫ్రికా రోగికి మళ్లీ దొరికింది. ఈ మధ్యలో వాడిన మెలార్సోప్రోల్ ఆర్సెనిక్ మందే. వేయించుకున్న వంద మందిలో సుమారు ఐదుగురిని అదే చంపేది.

వేరేగా చేయొచ్చనడానికీ ఈ జబ్బే సాక్ష్యం. 1998లో దాదాపు 40 వేల కేసులు నమోదయ్యాయి. 2018కి వెయ్యి లోపుకు దిగాయి. ఇప్పుడు ఫెక్సినిడజోల్ మాత్రలు పది రోజులు మింగితే చాలు, చాలామందికి నడుములో సూది అక్కర్లేదు. మాత్ర తప్పకుండా అన్నం తిన్నాకే వేయాలి, ఖాళీ కడుపున ఒంటబట్టదు. అంటే ఆరోగ్య కార్యకర్త ముందు ‘ఏం తిన్నావు?’ అని అడగాలి. వందేళ్లకు ఒక ప్రశ్న వరసలోకి వచ్చింది.

మా డిమాండ్లు

1. రెండో రిజిస్టరు. శిబిరం మొదలయ్యే రోజునే తెరవాలి. గడులు ఇవి: పేరు, వయసు, ఊరు, తూకం, మందు, డోసు, బ్యాచ్ నంబరు, కలిపిన నీళ్ల బ్యాచ్, వేసినవారి పేరు, వేసిన గంట. ఆపైన అరగంటకు, మర్నాటికి, ఏడో రోజుకు, ముప్పయ్యో రోజుకు ఎలా ఉందో రాయడానికి నాలుగు గడులు. రాకపోయినవారి గడి ఖాళీగా వదిలేయకూడదు, ఇంటికి వెళ్లి కనుక్కుని రాయాలి. తప్పిపోయినవాళ్లలోనే వికటించినవాళ్లు ఉంటారు. మూడు ప్రతులు: ఒకటి మీకు, ఒకటి అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, ఒకటి ఊరికి.

2. డోసుకు ముందు ప్రశ్న. ప్రతి మందుకు దాని మొదటి హెచ్చరిక లక్షణం ఏమిటో, దాన్ని రోగి మాటల్లో ఎలా అడగాలో ఒక చీటీ మీద స్థానిక భాషలో రాసి సూది వేసే బల్ల మీద అంటించాలి. అడిగినట్టు టిక్కు పెట్టకుండా సూది తీయకూడదు. దుబాసీగా ఊరి పెద్దను, పోలీసును, వార్డెన్‌ను పెట్టకూడదు.

3. సంతకం. మైనర్లకు తల్లి లేదా తండ్రి, లేదా చట్టప్రకారం గార్డియన్. మరెవరూ కాదు. హాస్టల్ పిల్లలైతే పత్రం ఇంటికి వెళ్లి తిరిగి వచ్చేదాకా ఆగాలి, ఎన్ని వారాలైనా సరే. వేలిముద్ర అయితే పక్కన రోగి ఎంచుకున్న సాక్షి ఉండాలి. ‘వద్దు’ అన్నవాళ్ల సంఖ్యను కూడా నివేదికలో అచ్చువేయాలి. ఆ అంకె సున్నా అని వస్తే మేం నమ్మం.

4. సామాను ముందు, తేదీ తర్వాత. వంద సూదులకు 110 చొప్పున ఒకసారి వాడితే లాక్ అయ్యే సిరంజీలు, సీసాతో పాటే వచ్చిన శుద్ధ జలం, ఐదు లీటర్ల సేఫ్టీ బాక్సులు. ఒక్కో పెట్టెలో వందకు మించకుండా, ముప్పాతిక నిండగానే మూసేయాలి. ఇవి చేరలేదంటే శిబిరం వాయిదా. మంత్రిగారి తేదీ కోసం నీళ్లు మరిగించి సర్దుకోవద్దు.

5. పరిహార నిధి శిబిరానికి ముందే బ్యాంకులో ఉండాలి. తర్వాత విచారణ సంఘం వేసి, అది తేల్చేలోపు మనిషి పోయే పద్ధతి చాలించండి.

6. ఆయుధాలున్నవాళ్లు శిబిరం లోపలికి రాకూడదు. వైద్యం కోసం తీసుకున్న పేరు, రక్తం, వేలిముద్ర ఇంకే శాఖకూ వెళ్లకూడదు.

7. పాత బాకీ. దక్షిణ కామెరూన్ లాంటి చోట్ల హెపటైటిస్ సి ఉన్న వృద్ధులను వెతికి మందివ్వాలి. సోఫోస్బువిర్, డాక్లటాస్విర్ మాత్రలు రోజూ 12 వారాలు వేసుకుంటే నూటికి తొంభై మందికి పైగా నయమవుతుంది. సోఫోస్బువిర్ జెనరిక్ తయారీలో హైదరాబాద్ కంపెనీలు ఎప్పటి నుంచో ఉన్నాయి. మందు మన ఊళ్లో తయారవుతోంది, రోగులు ఎక్కడున్నారో తెలుసు, మధ్యలో ఓడ ఖర్చు పెట్టేవాళ్లు కావాలి. ఆ ఖర్చు నాటి పాలకులను అడగాల్సిన బాధ్యత ఐరోపాలో కార్యాలయాలున్న సంస్థలదే. నాటి గాజుపలకలు, ఫోటోలు, రిజిస్టర్ల నకళ్లు కూడా ఆయా దేశాల ఆర్కైవులకు చేరాలి. గుడ్డివాళ్లయినవారి ఊళ్ల పేర్లు వాటిలోనే దొరుకుతాయి.

8. ఆచార్యులకు. ఎంబీబీఎస్ మూడో ప్రొఫెషనల్‌లోనూ, బీఎస్సీ నర్సింగ్‌లోనూ కమ్యూనిటీ పాఠాల్లో రెండు గంటలు చాలు. బాఫియా, యోకాదూమా, ముల్కోవాల్, ఖమ్మం. ఒక్కోదానికి అరగంట. ఏ మెట్టు దగ్గర తప్పింది, ఏ ప్రశ్న అడిగితే ఆగేది అన్నది విద్యార్థుల చేతనే చెప్పించండి. పరీక్షలో ఒక ప్రశ్న పెట్టండి, లేకపోతే ఎవరూ చదవరు.

9. ఆఫ్రికాకు వెళ్తున్న తెలుగు వైద్యులకు, నర్సులకు. వెళ్లే ముందు ఆ ఊరికి గతంలో ఏ బృందం వచ్చిందో, ఏం వేసిందో ముసలివాళ్లను అడగండి. మీ ఒంటి రంగు చూసి మిమ్మల్ని వేరుగా చూస్తారనుకోవద్దు. తెల్ల కోటు చూస్తారు.

ఈ ఉత్తరం అందిన నాటి నుంచి 60 రోజుల్లోగా జవాబివ్వాలని కోరుతున్నాం. వాగ్దానాలు వద్దు. మీ సంస్థ ప్రస్తుతం వాడుతున్న అంగీకార పత్రం ఒక ప్రతి, హాని నమోదు పుస్తకం ఉంటే అందులో ఒక ఖాళీ పేజీ జతచేసి పంపండి. భద్రాచలం ఏజెన్సీలో పనిచేసే సంస్థలైతే కోయలో ఉన్న పత్రం పంపాలి. వచ్చినవాటిని వచ్చినట్టే అందరికీ చూపిస్తాం. రానివాటి జాబితా కూడా పెడతాం.

ఇట్లు,
ప్రజారోగ్య రంగంలో పనిచేస్తున్న కొందరు నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఫార్మసిస్టులు, వైద్యులు